అన్ని రకాల పుస్తకాలూ చదవాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. చిన్నతనంలో వారపత్రికల సీరియళ్లు, తరువాత యండమూరి, మల్లాది, యద్దనపూడి నవలలు ఇష్టంగా చదివారు. ఉద్యోగంలో చేరాక చదువు వెనకబడింది. ఇప్పుడు చరిత్ర, విజ్ఞానం, యాత్రలు, ఆత్మకథలు, కవిత్వం అన్నీ చదవాలని ఉంది కాబట్టి రకానికి ఒకటి చొప్పున పది తెలుగు పుస్తకాల పేర్లు చెప్పమన్నారు. గ్రాంథికమంటే భయమనీ, రోజుకు అరగంటకు మించి తీరిక ఉండదనీ కూడా రాశారు.

రకానికొకటి చొప్పున జాబితా ఇవ్వడం సులభమే గాని, దానివల్ల మీకు మేలు జరుగుతుందని నేను అనుకోను. జిల్లా గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే బల్ల దగ్గర చాలాకాలం పనిచేసినవాడిగా ఒక సంగతి గమనించాను. ఎవరో రాసిచ్చిన జాబితా పట్టుకుని వచ్చినవారు సాధారణంగా రెండో పుస్తకం దగ్గర ఆగిపోయేవారు. ‘మొన్న తీసుకెళ్లినది బాగుంది, అలాంటిదే ఇంకొకటి ఉందా’ అని అడిగినవారు మాత్రం ఏళ్ల తరబడి వస్తూనే ఉండేవారు, వస్తూ వస్తూ తమకు తెలియకుండానే నవలల అర నుంచి చరిత్ర అరకూ, అక్కడి నుంచి విజ్ఞానశాస్త్రం అరకూ చేరేవారు. అందువల్ల మీకు ఇంతకుముందే నచ్చినవాటి నుంచి బయలుదేరి, ఒక్కో పుస్తకం తరువాతి పుస్తకానికి ఎలా దారి తీస్తుందో చెబుతాను.

యండమూరి అన్నారు కనుక ‘వెన్నెల్లో ఆడపిల్ల’ చదివే ఉంటారు. అందులో నాయకుడు చదరంగం ఆటగాడు. ఆ నవల నచ్చినవారికి నేను వెంటనే చేతిలో పెట్టేది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ అనే పెద్ద కథ. అదీ చదరంగం కథే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, తరువాతి ప్రతి గడిలో అంతకు రెట్టింపు పెడుతూ పోయే పాత లెక్క తెలిసినవారికి శీర్షిక చూడగానే ఏదో స్ఫురిస్తుంది. ఆ లెక్కలో చివరికి వచ్చే సంఖ్యకు ఇరవై అంకెలుంటాయి. కథ మాత్రం లెక్క కోసం రాసినది కాదు. పెద్దాపురం సంస్థానం కాలంలో, విద్య ఉండి చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి తన విద్యను గుర్తించగల చోటికి ఎలా చేరుకుంటాడన్నది విషయం. సస్పెన్సు నవలలో పేజీ తిప్పించే బిగువు ఏదైతే ఉంటుందో అది ఇందులో పూర్తిగా ఉంది, పైగా అంతా సంభాషణల మీదనే నడుస్తుంది. పాతకాలపు రచన అని జంకనవసరం లేదు, ఎందుకంటే శ్రీపాద వారి తెలుగు గ్రాంథికం కాదు, గోదావరి సీమ ఇళ్లలో మాట్లాడుకున్న తెలుగు. మొదటి నాలుగైదు పేజీలు పైకి చదువుకుంటే ఆ తరువాత మీ చెవి దానికి అలవాటు పడుతుంది.

ఈ ఒక్క కథ నుంచి రెండు దారులు చీలుతాయి. లెక్క మీదికి మనసు పోయినవారు వేమూరి వేంకటేశ్వరరావు గారి ‘రామానుజన్ నుండి ఇటూ అటూ’ చదవవచ్చు. మనిషి మీదికి, ఆ భాష మీదికి మనసు పోయినవారు శ్రీపాద వారి ఆత్మకథ ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ తీసుకోవాలి. నన్నడిగితే తెలుగు ఆత్మకథలన్నిటిలో ముందుగా చదవదగినది ఇదే. సంస్కృతానికి తప్ప తెలుగుకు విలువ లేని పండిత కుటుంబంలో పుట్టి, తెలుగులోనే రాయాలని పట్టుబట్టిన కుర్రవాడి కథ అది. నాయకుల ఆత్మకథలు, ఉదాహరణకు ప్రకాశం పంతులు గారి ‘నా జీవితయాత్ర’, చరిత్రకు ఎంత అవసరమైనవైనా అవి ప్రధానంగా సంఘటనల వెంట నడుస్తాయి. శ్రీపాద వారి పుస్తకం మాత్రం భోజనాల వరస, చదువు చెప్పే తీరు, అష్టావధానాల సందడి, ఇంట్లో మాటామాటా పెరిగిన సందర్భాలు అన్నిటినీ కళ్లకు కట్టిస్తుంది కాబట్టి, కొత్త పాఠకుడికి ఆత్మకథ అనే ప్రక్రియ మీదనే ఇష్టం పుట్టిస్తుంది.

మీకు డిటెక్టివ్ నవలలు నచ్చేవో లేదో రాయలేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ మీ ఇంట్లో పెద్దవాళ్లకైనా తెలిసే ఉంటాడు. ఆ దారిన వచ్చేవారికి నేను రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ సూచిస్తాను. ఇక్కడ దొంగను పట్టుకోవడం ముఖ్యం కాదు. మద్యనిషేధం రోజుల్లో నేరం ఎలా తయారవుతుంది, కేసు ఎలా నడుస్తుంది, సాక్షి ఎలా పుడతాడు అన్నది విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన మనిషి దగ్గరగా చూసి రాశాడు. రావిశాస్త్రి గారి వాక్యం సాగుతూ సాగుతూ పోతుంది, మాండలికం దట్టంగా ఉంటుంది, అయినా నవ్విస్తూనే చదివిస్తుంది.

ఇక చరిత్ర. రాజుల వంశవృక్షాలతో, యుద్ధాల తేదీలతో బడిలో విసిగిపోయిన చాలామంది తమకు చరిత్ర పడదని అనుకుంటారు. అలాంటివారి కోసమే అన్నట్టు సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. అది 1949లో వెలువడింది, 1955లో తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే దక్కింది. పురస్కారం కన్నా గొప్ప సంగతి ఆయన పనిచేసిన పద్ధతి. శాసనాలు ఉన్నవరకు చూసి, తరువాత కావ్యాలను, శతకాలను, సామెతలను ముందు వేసుకుని, వాటిలో కవులు మాటవరసకు చెప్పిపోయిన సంగతులను ఏరి, ఏ కాలంలో తెలుగువాళ్లు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, సంతలో ఏమి అమ్మారు, నేరస్తులను ఎలా శిక్షించారు అన్నది పేర్చుకుంటూ వెళ్లారు. కవి వర్ణన కోసం వాడిన ఒక ఉపమానంలో నుంచి ఆనాటి వంటింటి పాత్రను పట్టుకునే చూపు ఆయనది. కొన్ని నిర్ధారణలతో ఈనాటి చరిత్రకారులు ఏకీభవించకపోవచ్చు, కొన్నిచోట్ల ఆయన సొంత అభిప్రాయాలు గట్టిగానే వినిపిస్తాయి, అయినా అవి దాచుకోకుండా చెప్పిన అభిప్రాయాలు కాబట్టి పాఠకుడు మోసపోడు. ఈ పుస్తకాన్ని మొదటి నుంచి చివరికి వరసగా చదవవలసిన పని లేదు. మీకు నచ్చిన కాలం దగ్గర తెరవండి. కాకతీయుల కాలం దగ్గర తెరిస్తే ‘క్రీడాభిరామం’ ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది. ఇద్దరు స్నేహితులు, మంచనశర్మా టిట్టిభసెట్టీ, ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకునే చిన్న కావ్యం అది. అప్పటికి మీకు ధైర్యం వస్తే టీకాతాత్పర్యాలున్న ఒక ప్రతిని సంపాదించి చూడండి. పద్యం అర్థం కాకపోయినా తాత్పర్యం వెంట నడిస్తే ఊరు కనిపిస్తుంది.

యాత్రల విషయానికి వస్తే ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ను తప్పించుకుని పోవడం కుదరదు, తప్పించుకోనవసరం కూడా లేదు. వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాటను మరొక భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న పెద్ద పరివారంతో, పల్లకీలతో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగకూ కాశీకీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, పూరీ మీదుగా కోస్తా వెంబడి దిగివచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో చూసినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపుతూ వచ్చాడు, అదే 1838లో పుస్తకమైంది. రైలు ఇంకా రాని దేశం అది. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడలు, దారి ఇసుకా రాయా, ఏరు దాటడానికి పడవ ఉందా, ఊళ్లో అంగళ్లు ఎన్ని, దిగడానికి వసతి ఉందా, నీరు మంచిదేనా అన్నది మజిలీ మజిలీకి రాస్తాడు. మొదట ఇదంతా పద్దుపుస్తకంలా అనిపించవచ్చు. ఒక చిన్న ఉపాయం చెబుతాను. పక్కన పటం పెట్టుకుని, మీకు తెలిసిన ఊరు వచ్చిన చోట మొదలుపెట్టండి. మీది కడప అయితే కడప నుంచి, హైదరాబాదు అయితే హైదరాబాదు నుంచి. తెలిసిన ఊరు దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఎలా ఉందో చదివిన తరువాత పక్క ఊరికి వెళ్లకుండా ఉండలేరు. భాష పాతదే గాని కావ్యభాష కాదు, కచేరీలో పనిచేసిన మనిషి వ్యవహారపు తెలుగు. రోజుకు రెండు మజిలీలు చాలు, మీ అరగంటకు అది సరిపోతుంది.

ఇది పూర్తయ్యాక, లేదా సగమయ్యాకైనా, గుర్రం జాషువా ‘గబ్బిలం’ చదవమని నా ప్రత్యేక మనవి. ఈ రెండింటినీ కలిపి చదివినవారు తక్కువ. వీరాస్వామయ్య తరువాత నూట పదేళ్లకు, 1941లో వచ్చిన కావ్యమది. ఇందులోనూ కాశీకే ప్రయాణం, అయితే వెళ్లేది మనిషి కాదు. గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని ఒక నిరుపేద అస్పృశ్యుడు, గుడి లోపల వేలాడే గబ్బిలానికి తన గోడు చెప్పుకుని, పూజారి లేని సమయం చూసి శివుని చెవిలో వేయమని పంపుతాడు. గబ్బిలం ఏ దారిన వెళ్లాలో, దారిలో ఏయే చోట్లు చూడాలో వర్ణిస్తూ తెలుగు దేశపు చరిత్రనంతా తలుచుకుంటాడు. అదే తీర్థం, అదే దేవుడు. ఒకరు పల్లకీలో వెళ్లి చూసి రాగలిగారు, ఇంకొకరు గబ్బిలాన్ని బతిమాలుకోవలసి వచ్చింది. ఈ తేడాను చరిత్ర పుస్తకం ఎంత వివరంగా చెప్పినా, ఈ రెంటినీ వెంటవెంటనే చదివినప్పుడు తెలిసినంతగా తెలియదు. పద్యాలంటే బెదరకండి, తెలుగులో తేలికగా నోటికి వచ్చే పద్యాలు రాసినవారిలో జాషువా ముందువరసలో ఉంటాడు. కళ్లతో కాకుండా గొంతుతో చదవండి. వెనకటి నాటకాల తరంవారు ఇంట్లో ఉంటే వారి చేత చదివించుకుంటే మరీ మంచిది.

వచన కవిత్వంలో తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’తో మొదలుపెట్టి, ఇస్మాయిల్ ‘చెట్టు నా ఆదర్శం’కు వెళ్లండి. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ మీరు చదవకపోయినా మీకు సగం తెలిసే ఉంటుంది, కాబట్టి అది చివర ఉంచినా నష్టం లేదు.

విజ్ఞానశాస్త్రానికి నండూరి రామమోహనరావు గారి ‘విశ్వరూపం’, ‘నరావతారం’ ఈనాటికీ మంచి ప్రవేశద్వారాలు. మొదటిది ఆకాశం గురించి, రెండవది మనిషి పుట్టుక గురించి. పత్రికా సంపాదకుడిగా ఎంతటి విషయాన్నైనా సామాన్య పాఠకుడికి చెప్పడం ఆయనకు అలవాటు. అయితే ఇవి దశాబ్దాల కిందటి రచనలన్నది మరిచిపోకూడదు. 2006లో ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసివేయడం, 2010 తరువాత ప్రాచీన డీఎన్‌ఏ పరిశీలనతో నియాండర్తల్ మానవుల గురించి బయటపడిన సంగతులు వాటిలో ఉండవు. కనుక ఆలోచనా విధానం కోసం వాటిని చదివి, వివరాలను కొత్త రచనలతో సరిచూసుకోండి. మన పంచాంగం ఎందుకు అలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంటే మహీధర నళినీమోహన్ గారి ‘క్యాలెండర్ కథ’ ఉంది, పిల్లలున్న ఇంట్లో అది అందరికీ పనికివస్తుంది.

నవలల దగ్గర ఒక హెచ్చరిక చేయాలి. ‘గొప్ప తెలుగు నవల’ అని ఎవరిని అడిగినా విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ అంటారు, అది విని దానితోనే మొదలుపెట్టినవారి గతి నాకు తెలుసు. మా గ్రంథాలయంలోని ప్రతిని పక్కనుంచి చూస్తే సంగతి బోధపడేది. తొలి వంద పేజీల అంచులు చేతుల మురికికి నల్లబడి, మూలలు మడతలుపడి ఉండేవి, ఆ తరువాత పేజీలు బైండింగు చేసిన రోజున ఎంత తెల్లగా ఉన్నాయో అంత తెల్లగా ఉండేవి. అది విశ్వనాథ వారి తప్పు కాదు. ఆ నవల ఒక గ్రామాన్నీ ఒక జీవనవ్యవస్థనూ మొత్తంగా పట్టుకోవాలని రాసినది, దానికి తగిన ఓపికా తీరికా పాఠకుడు వెంట తెచ్చుకోవాలి. ముందు ఆయనదే చిన్న నవల ‘ఏకవీర’ చదవండి. మధుర నాయకరాజుల కాలంలో ఇద్దరు మిత్రులు, ఇద్దరు స్త్రీలు, తారుమారైన పెళ్లిళ్లు. విశ్వనాథ వారి శైలి మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు.

రోజుకు అరగంట ఉన్నవారికి చిన్న నవలలు, కథలు అనుకూలం. డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ఒక ముసలి పందుల కాపరి, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలో గడిపిన ఒక రాత్రి. దాన్ని మొదలుపెట్టిన రోజున మీ అరగంట నియమం చెడుతుందని ముందే చెబుతున్నాను. కథల్లో చాసో (చాగంటి సోమయాజులు) కథలు చాలా చిన్నవి, ఒక్కొక్కటి కొద్ది పేజీలే. ‘వాయులీనం’ చదివి చూడండి, మధ్యతరగతి సంసారంలో ఒక సంగీత వాద్యం ఏమవుతుందన్నదే విషయం. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ మాత్రం సెలవు రోజున, ఒకే ఊపులో చదవాలి. సుందరపాలెంలో ఒక అప్పు గురించి పంచాయతీ జరుగుతుంది. అప్పు ఇచ్చినవాడు దుర్మార్గుడు కాడు, తీసుకున్న అప్పల్రాముడు ఎగవేతదారు కాడు, ఊరు న్యాయంగానే ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. అయినా ముగింపు ఎలా వచ్చిందో, అది సమంజసమో కాదో అని ఆ కథ వచ్చినప్పటి నుంచి వాదాలు నడుస్తూనే ఉన్నాయి. అర్థశాస్త్రం మీద కుతూహలం ఉన్నవారికి కూడా నేను ఈ కథే ఇస్తాను. పల్లెలో అప్పు తరాల మీద ఎలా పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చెప్పిన వ్యాసం నేను చదవలేదు.

తెలంగాణ పల్లెను తెలుసుకోవడానికి దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ నవలనూ, ఆయన ఆత్మకథ ‘జీవనయానం’నూ జంటగా చదవండి. నవలలో కల్పనగా కనిపించినది ఆత్మకథలో అనుభవంగా ఎదురవుతుంది. అలాగే రామాయణం ఇంట్లో విని పెరిగినవారు ఓల్గా గారి ‘విముక్త’ చదవాలి. సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకునే చిన్న కథలు అవి. అంగీకరించినా, విభేదించినా, విన్న కథనే మళ్లీ కొత్తగా వినవలసి వస్తుంది.

ఇతర భాషల పుస్తకాల గురించి మీరు అడగలేదు గాని, ఒక్క మాట. మాలతీ చందూర్ గారి ‘పాత కెరటాలు’ ప్రపంచ నవలలను పరిచయం చేస్తూ సాగుతుంది. మూలాన్ని చదివిన తృప్తి దానివల్ల రాదు, అయితే ఏ నవల మీ అభిరుచికి సరిపోతుందో తెలుసుకోవడానికి అంతకన్నా తేలికైన దారి లేదు. అనువాదాల్లో సహవాసి గారి ‘ఏడు తరాలు’ ముందు చదవండి. ఆఫ్రికా నుంచి బానిసగా అమెరికాకు తరలించబడిన ఒక మనిషి వంశం కథను అంత సహజమైన తెలుగులో చెప్పడం వల్లనే అది అన్నిరకాల పాఠకులకూ చేరింది.

పుస్తకాలు దొరికే చోట్లు మీకు కొన్ని తెలిసే ఉంటాయి. హైదరాబాదులో ఉన్నవారికి ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటలు, బెజవాడలో ఉన్నవారికి లెనిన్ సెంటరు పాతపుస్తకాల దుకాణాలు, రెండు ఊళ్లలోనూ చలికాలంలో జరిగే పుస్తక ప్రదర్శనలు ఉన్నాయి. పాత కథలకైతే శ్రీకాకుళంలోని కథానిలయాన్ని మించినది లేదు. పైన చెప్పిన కాళీపట్నం రామారావు గారే 1997లో దాన్ని స్థాపించారు, అది సేకరించిన కథల్లో చాలావాటిని అంతర్జాలంలోనూ చదువుకోవచ్చు, కాబట్టి విదేశాల్లో ఉన్నవారికి కూడా అందుబాటులో ఉంది.

పాత పుస్తకం కొనేటప్పుడు అట్ట చూసి సరిపెట్టుకోకుండా లోపలి పేజీ చూడండి. కుదించిన ప్రతి అయితే ‘సంక్షిప్తం’ అన్న మాట అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘కాశీయాత్ర చరిత్ర’ వంటి పుస్తకాన్ని సంక్షిప్తంగా చదివితే పోయేది సరిగ్గా ఆ మజిలీల వివరాలే, అంటే మీ ఊరు అందులో ఉండకపోవచ్చు. ‘కన్యాశుల్కం’ కొంటున్నప్పుడు 1909లో గురజాడ తిరగరాసిన రెండో కూర్పు పాఠమేనా అని అడగండి. 1897 నాటి మొదటి కూర్పు పరిశోధకులకు ముఖ్యమైనదే గాని, మనందరికీ తెలిసిన మధురవాణి పూర్తిగా రూపుదిద్దుకున్నది రెండవదానిలోనే.